నల్లగొండ ప్రకాశం బజారులో ఒక ఫ్యాన్సీ స్టోరు: కొత్తవారికి మేకప్ కిట్లు, బ్రష్‌ల సంరక్షణపై సలహాలు

నల్లగొండలో సౌందర్య సామగ్రి అమ్మే దుకాణాలకు కొదవ లేదు. అయితే వచ్చిన మనిషి అవసరమేమిటో, ఇంతకుముందు ఏమి వాడిందో, ఎంత ఖర్చు పెట్టగలదో అడిగి తెలుసుకొన్న తరువాతే అలమర తలుపు తీసే దుకాణాలు అరుదు. ప్రకాశం బజారు ప్రాంతంలో గాజుల దుకాణాల నడుమ ఇరుక్కొని ఉన్న ఈ చిన్న ఫ్యాన్సీ స్టోరు అటువంటి వాటిలో ఒకటి. ఇక్కడ రెండు సేవలు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి: మేకప్ కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి కిట్టు కూర్చి ఇవ్వడం, కొన్న బ్రష్‌లను, స్పాంజిలను ఎలా కడిగి ఆరబెట్టి దాచుకోవాలో చేసి చూపించడం. పేరు రాస్తే సమీక్ష కాస్తా ప్రకటన అవుతుందని యజమానురాలే వద్దన్నందువల్ల దుకాణం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఆ బజారులో గాజులు కొనే అలవాటున్నవారికి ఈ వర్ణనతోనే అది ఏదో తెలిసిపోతుంది.

దుకాణం వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ముందు భాగంలో రబ్బరు బ్యాండ్లు, క్లిప్పులు, బొట్టుబిళ్లలు, మెహందీ కోన్లు ఉంటాయి; మేకప్ సామాను వెనుక ఉంటుంది. వచ్చేవారిలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనూ, పట్టణంలోని డిగ్రీ కళాశాలల్లోనూ చదివే అమ్మాయిలు ఎక్కువ. కనగల్లు, తిప్పర్తి, మునుగోడు వైపు నుంచి పెండ్లి సామాను కొనడానికి తల్లులతో వచ్చే అమ్మాయిలు, మహిళా సంఘం నుంచి అప్పు తెచ్చుకొని ఇంట్లోనే పార్లరు పెట్టుకొనే గృహిణులు ఆ తరువాతి స్థానంలో ఉంటారు. ఈ మూడు వర్గాల అవసరాలు వేర్వేరు. అయినా చాలా దుకాణాల్లో ముగ్గురి ముందూ ఒకటే అద్దాల పెట్టె తెరిచి పెడతారు: లోపల నలభై రంగుల ఐషాడో, నాలుగు బ్లష్షులు, అంగుళమంత స్పాంజి బ్రష్ రెండు, ఒక చిన్న లిప్‌గ్లాసు. చూడడానికి నిండుగా ఉండే ఆ పెట్టెలో రోజూ పనికివచ్చేది రెండో మూడో రంగులే. మిగిలినవి పొడి రాలిపోయేవరకు అలాగే ఉండి చివరకు చెత్తబుట్టకు చేరతాయి.

ఈ దుకాణంలో ఆ పెట్టె లేదు. వెనుక కౌంటరు వద్ద కూర్చొనే యజమానురాలు మొదట ప్రశ్నలే వేస్తారు. “ఏం పనికి కావాలె బిడ్డా? రోజు పెట్టుకునేటందుకా, పెండ్లికా? మొహం జిడ్డు కారుతదా, పొడిబారుతదా? ఇంతకుముందు ఏమన్న పెట్టుకుంటె దురద లేసిందా?” ఈ చివరి ప్రశ్నను మన పట్టణంలో మరే కౌంటరు వద్దా నేను వినలేదు. ఏదైనా వస్తువు పడదేమోనన్న అనుమానం ఉన్నవారిని ఆమె ఆ రోజే మొత్తం కొననివ్వరు. నమూనా నుంచి కొద్దిగా తీసి చెవి వెనుకనో, మోచేతి లోపలి వైపుననో రాసి, ఒకటి రెండు రోజులు చూసుకొని రమ్మంటారు. పడని పదార్థానికి చర్మం స్పందించడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు కనుక అది సరైన సలహా. వ్యాపారం చేసేవారికి అంత తేలికైన సలహా కూడా కాదు, ఎందుకంటే అలా వెళ్లిన వారిలో కొందరు తిరిగి రారు.

మా మేనకోడలు డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు ఇక్కడ కూర్పించిన కిట్టును ఉదాహరణగా చెబుతాను. అందులో ఉన్నవి: తేమనిచ్చే క్రీము, ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30కి తగ్గని సన్‌స్క్రీన్, ఒక కాంపాక్టు (బిళ్లగా నొక్కిన పౌడరు డబ్బా), ఒక కాటుక పెన్సిలు, పెదవుల సొంత రంగుకు దగ్గరగా ఉండే ఒక లిప్‌స్టిక్, కాటుక తుడవడానికి చిన్న సీసా మైసెల్లార్ ద్రవం, పౌడరుకు ఒక బ్రష్. ముఖమంతా ఒకే రంగుగా కనిపించడానికి రాసే ఫౌండేషన్ కూడా కావాలని అమ్మాయి పట్టుబట్టింది. “గదంత ఇప్పుడే ఎందుకు చెల్లె, ముందుగాల ఇవి వాడు, చెయ్యి తిరిగినంక మళ్ల రా, అప్పుడు చూద్దాం,” అన్నారు ఆమె. దాదాపు 1,200 రూపాయలైంది. రెడీమేడ్ పెట్టె కొన్నా అంతకు పెద్ద తేడా ఉండేది కాదు. అయితే ఈ ఏడు వస్తువుల్లో వృథాగా పడి ఉన్నది ఒక్కటీ లేదు. వాటిలో సన్‌స్క్రీన్‌ను మేకప్ సామానుగా ఎవరూ లెక్కించరు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో ముఖానికి అన్నిటికంటె ముందు కావలసింది అదే. ఎండకు నల్లబడిన మచ్చలను కప్పడానికి ఆ తరువాత కొనే ఫౌండేషన్ ఖర్చు దానివల్ల కొంతైనా తగ్గుతుంది.

ఫౌండేషన్ నిజంగా అవసరమైనవారికి షేడు ఎంచే తీరు ఇక్కడ బాగుంది. చాలాచోట్ల ముంజేతి మీద గీత గీసి చూపిస్తారు; కాని చేతి రంగు, ముఖం రంగు, మెడ రంగు మన ఎండల్లో ఒకటిగా ఉండవు. ఇక్కడ దవడ అంచున, మెడకు ఆనుకొని, పక్కపక్కనే మూడు షేడ్లు గీసి, పది నిమిషాలు ఆగమంటారు. గాలి తగిలి, చర్మపు జిడ్డుతో కలిసి కొన్ని ఫౌండేషన్లు ఒక మెట్టు ముదురుతాయి. వెంటనే చూసి కొన్నవారు ఇంటికి వెళ్లాక రంగు మారిందని బాధపడేది అందువల్లనే. పది నిమిషాల తరువాత చేతి అద్దం ఇచ్చి దుకాణం బయటి మెట్టు మీదికి పంపుతారు. పగటి వెలుతురులో ఏ గీత కనిపించకుండా చర్మంలో కలిసిపోతే అదే ఆ మనిషి షేడు. తెల్లబడాలన్న ఆశతో రెండు మెట్లు తేలిక రంగు అడిగే తల్లులకు ఆమె ఓపికగా నచ్చజెబుతారు; ఫొటోలో ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు వస్తే పెండ్లి ఆల్బమ్‌లో అది శాశ్వతంగా ఉండిపోతుందని చెబితే చాలామంది దారికి వస్తారు.

బ్రష్‌ల విషయానికి వస్తే, దుకాణంలో ఇరవై నాలుగు బ్రష్‌ల సెట్టు కూడా ఉంది. గోడకు వేలాడుతూ కనిపిస్తుంది. కొత్తవారు అడిగితే మాత్రం దానిని కిందికి దించరు. పౌడరుకు ఒత్తుగా ఉండే పెద్దది, బ్లష్షుకు కొంచెం చిన్నది, ఫౌండేషన్‌కు బిగువైన కుచ్చు ఉన్నది, కంటి రెప్పకు మెత్తనిది, కనుబొమ్మలకు ఏటవాలుగా కోసినది: ఈ ఐదూ ఉంటే ఇంట్లో చేసుకొనే మేకప్‌కు కొరత లేదని ఆమె అభిప్రాయం, నా అభిప్రాయమూ అదే. ఇక్కడ అమ్మేవి దాదాపు అన్నీ కృత్రిమ నారతో చేసినవే. ఆ నారకు రంధ్రాలు లేనందువల్ల అది ద్రవాన్ని, క్రీమును పెద్దగా పీల్చదు, త్వరగా ఆరుతుంది, కడగడం సులభం. మేక వెంట్రుకల వంటి సహజమైన కుచ్చు పొడిని బాగా పట్టుకుంటుంది గాని, దానిని కాపాడుకోవడం కష్టం, వెల కూడా ఎక్కువ. అసలు వెంట్రుక అంటూ ఏ జంతువుదో చెప్పకుండా అమ్మే బ్రష్‌లను తాము తెప్పించడం మానేశామని ఆమె చెప్పారు. చిత్రకారుల బ్రష్‌ల వ్యాపారంలో ముంగిస వెంట్రుకలు ఏళ్లతరబడి దొంగచాటుగా చలామణి అయ్యాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని అమ్మడం నేరం కనుక, ఎక్కడి వెంట్రుకలో తెలియని సరుకుకు దూరంగా ఉండడమే మంచిది.

బ్రష్ నాణ్యతను చూసే పద్ధతిని కూడా ఆమె నేర్పుతారు. కుచ్చును రెండు వేళ్లతో మెల్లగా లాగితే నార ఊడి రాకూడదు. అరచేతి మీద గుండ్రంగా తిప్పితే గుచ్చుకోకూడదు. పిడిని, కుచ్చును కలిపే లోహపు పట్టీని పట్టుకొని ఊపితే కదలకూడదు. ఈ మూడో పరీక్ష అన్నిటికంటె ముఖ్యమైనది. బ్రష్ పాడయ్యేది ఎక్కువగా ఆ పట్టీ దగ్గరే. లోపల నారను పట్టి ఉంచే జిగురు నీళ్లకు కరగడం మొదలైతే, ఎంత ఖరీదైన బ్రష్ అయినా కొన్ని నెలల్లో నార రాల్చడం మొదలుపెడుతుంది.

ఈ దుకాణానికి రావడానికి అసలు కారణం, నా దృష్టిలో, కౌంటరు పక్కన ఉన్న చిన్న సింకు. కిట్టు కొన్న ప్రతివారికీ, అడిగితే కొననివారికి కూడా, వాడిన బ్రష్‌ను అక్కడ కడిగి చూపిస్తారు. కుచ్చును ఎప్పుడూ కిందికి వంచి, గోరువెచ్చని నీళ్లలో కొసలను మాత్రమే తడపాలి. అరచేతిలో రెండు చుక్కల పిల్లల షాంపూ వేసుకొని కుచ్చును గుండ్రంగా తిప్పాలి. నురగలో రంగు రావడం ఆగేవరకు మళ్లీ మళ్లీ కడగాలి. ఆ తరువాత మెత్తని గుడ్డతో అద్ది, కుచ్చును వేళ్లతో దాని రూపానికి తెచ్చి, బల్ల అంచున పిడి బల్ల మీద, కుచ్చు బయటికి వచ్చేలా పడుకోబెట్టాలి. గ్లాసులో నిలబెట్టి ఆరబెట్టేవారు మన ఇళ్లలో ఎక్కువ. అప్పుడు నీళ్లు కిందికి జారి పట్టీలోకి దిగుతాయి, పైన చెప్పిన జిగురు కరగడం అక్కడే మొదలవుతుంది. డాబా మీద ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్‌తో వేడి గాలి కొట్టడం కూడా వద్దంటారు. నార వంకర్లు పోతుంది, చెక్క పిడి పగుళ్లిస్తుంది. దట్టమైన పౌడరు బ్రష్ నీడలో పూర్తిగా ఆరడానికి ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది కాబట్టి మరునాడు పొద్దున పెండ్లి ఉందనగా రాత్రి కడగకూడదని కూడా చెబుతారు.

నీళ్ల గురించి ఆమె వేసే ప్రశ్న మన ప్రాంతానికే చెందినది: “మీ ఇంట్ల బోరు నీళ్లా, నల్ల నీళ్లా?” (నల్ల అంటే కుళాయి.) నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది గాని, బ్రష్‌లకు చిక్కు తెచ్చేది నీటి కాఠిన్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీళ్లలో మామూలు సబ్బు నురగ రాదు; ఆ లవణాలతో కలిసి తెల్లని తెట్టుగా మారి నార మధ్య పేరుకుంటుంది. బ్రష్ కడిగిన తరువాత కూడా గరుకుగా, జిగటగా ఉండడానికి కారణం అదే. షాంపూలోని శుభ్రపరిచే పదార్థాలు కఠిన జలంలో అలా తెట్టు కట్టవు కాబట్టి బోరు నీళ్లు వాడే ఇళ్లవారికి సబ్బు బిళ్ల వద్దని, షాంపూ మాత్రమే వాడి చివరిసారి తాగే నీళ్లతో జాడించమని చెబుతారు. పట్టణంలో కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లకు ఈ బాధ తక్కువ. బ్రష్‌లు అమ్మే కంపెనీల పెట్టెల మీద ఈ మాట ఎక్కడా ఉండదు. ఊరి నీళ్లు తెలిసిన మనిషి చెప్పవలసిందే.

ఎంత తరచుగా కడగాలన్న ప్రశ్నకు ఆమె సమాధానం వారానికి ఒకసారి. అమెరికాలోని చర్మవైద్యుల సంఘం కూడా ఏడు నుంచి పది రోజులకు ఒకసారి కడగాలనే చెబుతుంది కనుక, ఇది దుకాణదారు సొంత కల్పన కాదు. స్పాంజి విషయంలో ఆమె మరింత కఠినంగా ఉంటారు, అందుకు కారణం ఉంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఈ బ్లెండరు స్పాంజిని 2003లో రే ఆన్ సిల్వా అనే అమెరికన్ మేకప్ కళాకారిణి మార్కెట్లోకి తెచ్చారు. తడిపి పిండి వాడితే ఫౌండేషన్ మచ్చలు కట్టకుండా పరుచుకోవడం దాని గొప్పతనం. ఆ తడే దాని బలహీనత కూడా. లోపల తేమ, మేకప్ నూనెలు, చర్మం నుంచి వచ్చిన మురికి కలిసి సూక్ష్మజీవులు పెరగడానికి కావలసినవన్నీ అక్కడ సమకూరుతాయి. బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వాడుకలో ఉన్న మేకప్ సామానును పరీక్షిస్తే పదింట తొమ్మిదింటిలో హానికరమైన బాక్టీరియా కనిపించింది. వారు సేకరించిన స్పాంజిలలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి, 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినవి. బ్రిటన్ చలిలోనే పరిస్థితి అట్లా ఉంటే, చెమటా వేడీ ఉండే మన ఊళ్లలో మూత బిగించిన డబ్బాలో తడి స్పాంజిని పెట్టి కళాశాల బ్యాగులో వేసుకుపోయేవారి సంగతి ఊహించుకోవచ్చు. స్పాంజి వాడిన వెంటనే కడగాలి, గాలి తగిలే చోట ఆరబెట్టాలి, మూడు నెలలకు మార్చాలి, లోపల నల్లని చుక్కలు కనిపిస్తే ఆ రోజే పారేయాలి. అందుకే కొత్తవారికి ఆమె స్పాంజిని సిఫారసు చేయరు, కడిగే అలవాటు కుదిరేవరకు వేళ్లతోనే రాసుకోమంటారు. శుభ్రంగా కడుక్కొన్న వేళ్లు మురికి స్పాంజి కంటె ఎన్నో రెట్లు నయం.

ప్లక్కర్లు, ఐలాష్ కర్లర్లు, కత్తెరలు, కాటుక పెన్సిలు చెక్కే మరలు వంటి లోహపు పనిముట్లకు మందుల దుకాణంలో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమని చెబుతారు. 99 శాతం ఉన్నది ఇంకా మంచిది కాదా అని ఒక అమ్మాయి అడగగా, అది ఇట్టే ఆవిరైపోతుందని, క్రిములు చావడానికి కొంత నీరూ, కొంత సమయమూ కావాలని ఆమె వివరించిన తీరు నన్ను ఆశ్చర్యపరిచింది. ఆల్కహాల్ చల్లి తుడిచే ద్రవాలు బ్రష్‌లకు కూడా వస్తున్నాయి. అవి ఒకరి తరువాత ఒకరికి మేకప్ వేసే బ్యూటీషియన్లకు అవసరమే, అయితే నీళ్లతో కడగడానికి అవి ప్రత్యామ్నాయం కావు.

పార్లరు పెట్టుకొనేవారికి కూర్చే కిట్టు దీనికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది, ధర కూడా అనేక రెట్లు ఎక్కువ. దానిని వివరంగా చూసే అవకాశం నాకు కలగలేదు కాని, అందులో ఆమె తప్పనిసరిగా చేర్చేవాటిని బట్టి ఆమె దృష్టి ఎటువైపు ఉందో తెలుస్తుంది: లిప్‌స్టిక్‌ను, క్రీమును డబ్బాలోంచి గీరి తీసే స్టీలు గరిట, వాటిని కలిపే స్టీలు పలక, కనురెప్పల వెంట్రుకలకు రాసే మస్కారా కోసం ఒకసారి వాడి పారేసే పుల్లల కట్ట, బ్రష్‌లు రెండు జతలు. ఒక పెండ్లికూతురి పెదవులకు రాసిన లిప్‌స్టిక్‌ను నేరుగా ఇంకొకరికి రాయకూడదు; కాటుక పెన్సిలును ఒక్కొక్కరికి ముందు చెక్కాలి; మస్కారా పుల్లను సీసాలో రెండోసారి ముంచకూడదు. కంటి ఇన్ఫెక్షన్లు పాకేది ఈ వస్తువుల ద్వారానే కనుక రెండో జత బ్రష్‌ల ఖర్చు వృథా ఖర్చు కాదు. ఒకే పెండ్లిలో పెండ్లికూతురికి, ఆమె అక్కచెల్లెళ్లకు, మేనత్తలకు వరుసగా మేకప్ వేయవలసి వచ్చే మన పద్ధతిలో ఈ నియమాలు పాటించడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. అందుకే వాటిని మొదటి రోజే నేర్పడం మంచిది.

వస్తువుల అసలూ నకలీ విషయంలో దుకాణం తీరు సంతృప్తికరంగా ఉంది. లాక్మే, మేబెలీన్, స్విస్ బ్యూటీ వంటి అందరికీ తెలిసిన బ్రాండ్లు ఉన్నాయి, పనిముట్లలో వేగా ఎక్కువ. ప్రతి డబ్బా మీదా ఏమి చూడాలో కొనేవారికి వేలు పెట్టి చూపిస్తారు: తయారీదారు పేరు, చిరునామా, బ్యాచి నంబరు, తయారీ లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలన్నది; విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు. 2020 నాటి కాస్మెటిక్స్ నియమావళి ప్రకారం ఇవి లేబులు మీద ఉండి తీరాలి. సగం ధరకే వచ్చే పెద్ద బ్రాండు లిప్‌స్టిక్ మీద ఇవి కనిపించకపోతే అది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6 ఎం, 12 ఎం అని ఉండే గుర్తును కూడా ఆమె వివరిస్తారు. సీలు తీసిన తరువాత ఎన్ని నెలలు వాడవచ్చో అది చెబుతుంది. మస్కారాకు మూడు నుంచి ఆరు నెలలే గడువు. సీలు తీసిన తేదీని చిన్న కాగితం మీద రాసి డబ్బా అడుగున అంటించి ఇవ్వడం ఈ దుకాణంలో నాకు బాగా నచ్చిన పని. వేసవిలో లిప్‌స్టిక్‌లను, క్రీములను పైకప్పు వేడి దిగే గదిలోని ఇనుప బీరువాలో కాకుండా ఇంట్లో చల్లగా ఉండే చోట పెట్టమని కూడా చెబుతారు.

ఇక లోపాలు. వాటిలో మొదటిది నాకు మింగుడుపడనిది. బ్రష్ శుభ్రత గురించి అంత శ్రద్ధగా పాఠం చెప్పే ఈ కౌంటరు మీదే, కాంపాక్టు నమూనాలను చూపించడానికి ఒకే ఒక పఫ్ (పౌడరు అద్దే మెత్త) ఉంటుంది. వచ్చినవారందరి ముఖాలకూ అదే తగులుతుంది. లిప్‌స్టిక్ నమూనాలను దూదిపుల్లతో తీసి చేతి మీద రాస్తున్నప్పుడు పౌడరుకు కూడా పారేసే దూది వాడడానికి అడ్డేమిటో అర్థం కాలేదు. అడిగితే నవ్వి, దూది ఇచ్చారు. కాని తరువాత వచ్చిన అమ్మాయికి మళ్లీ ఆ పఫ్‌నే అందించారు. ఇక్కడికి వెళ్లేవారు తమ దూది తాము తీసుకుపోవడం మేలు.

రెండోది సహాయకుల సంగతి. యజమానురాలు లేని సమయంలో ముందు కౌంటరు అమ్మాయి, స్పాంజిని గాయాలకు వాడే క్రిమిసంహారక ద్రవంలో రాత్రంతా నానబెట్టమని ఒకరికి చెప్పడం విన్నాను. ఆ ద్రవం స్పాంజి లోపల మిగిలి ముఖానికి తగిలితే చర్మం మండుతుంది. షాంపూ, నీళ్లు సరిపోతాయి. సలహాయే ఈ దుకాణం సరుకు అయినప్పుడు అది అందరి నోటా ఒకేలా రావాలి. కడిగే పద్ధతిని తెలుగులో ఒక చిన్న కరపత్రంగా అచ్చు వేయించి కిట్టులో పెడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది, ఇంటికి వెళ్లేసరికి సగం మరచిపోయే కొత్తవారికి కూడా మేలు జరుగుతుంది.

షేడ్ల విషయంలో కూడా కొరత ఉంది. చామనఛాయకు తగినవి బాగానే దొరుకుతాయి గాని, నల్లని ఛాయ ఉన్నవారికి రెండు మూడు ఫౌండేషన్లే ఉన్నాయి, అవి కూడా బూడిదరంగు తేలుతాయి. పొలం పనులు చేసే కుటుంబాల నుంచి ఇంతమంది వచ్చే దుకాణంలో ఇది చిన్న లోటు కాదు. ఆ షేడ్లు ఎక్కువగా అమ్ముడుపోవని పంపిణీదారులు పంపరట. లేనివి ఎలా అమ్ముడుపోతాయన్నది వారు ఆలోచించవలసిన విషయం. చీకటి పడిన తరువాత పగటి వెలుతురు పరీక్ష సాధ్యం కాదు కాబట్టి, లోపల తెల్లని ఎల్‌ఈడీ వెలుగులో ఎంచుకొన్న షేడు మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేము. ఫౌండేషన్ కొనదలచినవారు సాయంత్రం ఐదు లోపలే వెళ్లాలి.

బొట్టుబిళ్లల గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే ఈ దుకాణంలో మేకప్ కంటె వాటి అమ్మకమే ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని చవక బిళ్లల జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల పెట్టుకొన్న చోట చర్మం రంగు కోల్పోయి తెల్లమచ్చ ఏర్పడవచ్చని చర్మవైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నుదుట దురదగానీ, చుట్టూ పాలిపోవడంగానీ కనిపిస్తే బిళ్ల మానేసి డాక్టరుకు చూపించుకోమనే హెచ్చరిక, కాటుకకు చెప్పినంత శ్రద్ధగా ఇక్కడ వినిపించదు. వెనుక కౌంటరు జ్ఞానం ముందు కౌంటరు దాకా ఇంకా చేరలేదు.

ధరలు ఎమ్మార్పీకి కొంచెం తక్కువ. బేరం ఆడితే ఒక క్లిప్పో రబ్బరు బ్యాండో ఇస్తారు తప్ప ధర తగ్గించరు. ఆన్‌లైన్‌లో కొన్ని వస్తువులు ఇంతకంటె చవకగా దొరుకుతాయి, దానిని యజమానురాలు కూడా కాదనరు. అక్కడ కొన్న బ్రష్‌లను తెచ్చినా సింకు వద్ద కడగడం నేర్పుతారు. బిల్లు అడగకుండానే ఇస్తారు.

బతుకమ్మ ముందు రోజుల్లోనూ, మాఘ, ఫాల్గుణ మాసాల ముహూర్తాలప్పుడూ కిట్టు కూర్చే పని దాదాపు ఆగిపోతుంది. ఆ రద్దీలో అడిగినది తీసి ఇవ్వడమే వారికి సాధ్యం. పెండ్లి సామాను కొనేవారు నెల ముందే వెళితే చర్మానికి పడుతుందో లేదో చూసుకోవడానికీ, ఒకసారి ఇంట్లో వేసి చూసుకోవడానికీ వీలుంటుంది. మామూలు రోజుల్లో పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట వరకు కౌంటరు ఖాళీగా ఉంటుంది, ప్రశ్నలు అడగడానికి అదే మంచి సమయం. సీలు తీయని వస్తువును బిల్లు చూపిస్తే వారం లోపల మార్చి ఇస్తారు. కాటుకలు, స్పాంజిలు, బ్రష్‌లు మాత్రం గడప దాటితే, సీలు తీయనివైనా సరే, వెనక్కి తీసుకోరు.